మట్టి చెల్లింది

"గెలుపు ఎవరి నోట్ల ఉంటది వస్తాద్?" అని పోశెట్టి అడిగాడు. అడిగి, చుట్టచుట్టిన తన ఎర్ర లంగోటిని గురువు కాళ్ల ముందు పెట్టాడు. కుస్తీ మానుకునేవాడు లంగోటిని గురువుకు అప్పగించి పోవడం మా వైపు పద్ధతి. ఆ గురువు మా తాత. ఆయన తీరే వేరు. పట్టు ఎట్లా పట్టాలని అడిగితే వివరించి చెప్పేవాడు కాదు, లేచి పట్టి చూపించేవాడు. ఏది అడిగినా అదే వరస.

మా తాత పేరు బీరయ్య. మంజీర ఒడ్డున కోనంపల్లిలో తాలీం నడిపేవాడు. పొద్దున్నే పిల్లలు వచ్చి దండీలు, బస్కీలు తీసి, ఎర్రమట్టి గోదాలో కుస్తీ పట్టేవారు. కుస్తీ గురువును వస్తాద్ అంటారు, ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. ఆయన గెలిచిన వాటిని మా అవ్వ ఒక ఇనుప పెట్టెలో దాచింది. తొమ్మిది వెండి కడియాలు, ఒక గద, జరీ ఊడిపోయిన పటకా, వాటన్నిటి కింద గుడ్డలో చుట్టిన ఒక ఎండు కొబ్బరికాయ. మా జాతరల్లో చిన్నపిల్లల కుస్తీకి కొబ్బరికాయ ఇస్తారు. పెద్దవాళ్లకు కడియం. ఆఖరి కుస్తీకి గద, దానితోపాటు 'మంజీర కేసరి' అనే బిరుదు. కేసరి అయినవాడి పేరు హనుమంతుడి గుడి ప్రహరీ గోడ మీద రంగుతో రాస్తారు. ఆ గోడ మీద మా తాత పేరు ఉంది. అయినా ఎవరైనా వచ్చి, "నీ బిరుదులేందో చెప్పు వస్తాద్" అంటే ఆయన అటు తిరిగి, అంగీ పైకెత్తి, వీపు చూపించి, "సదువుకో" అనేవాడు. వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవారు. "ముందటికెల్లి చూస్తే అందరూ పహిల్వాన్లే బిడ్డా" అని మా అవ్వ నవ్వుతూ వాళ్లకు మజ్జిగ పోసేది. ఈ పోశెట్టి ముచ్చట ఆమె చెప్పిందే. ఆ జాతర రోజు ఆడవాళ్ల వైపు బండి మీద కూర్చుని తన కళ్లతో చూసింది. హనుమంతుడి పటం ముందు దీపం వెలిగించిన తరువాతే చెప్పేది. అబద్ధం దొర్లితే దీపం ముందు నోరు తడబడుతుందని ఆమె నమ్మకం.

పోశెట్టి పన్నెండేళ్లు మా తాత దగ్గర నేర్చుకున్నాడు. తాలీంలో చేరిన మొదటి ఏడు కొబ్బరికాయ గెలిచాడు. తరువాత నాలుగు జాతరల్లో కడియాలు గెలిచాడు. ఇక మిగిలింది కేసరి ఒక్కటే. గోడ మీద గురువు పేరు కింద తన పేరు పడాలని తప్ప వేరే మొక్కు మొక్కి ఎరగడు. ఆ ఏడు ఉగాది మరునాడు జాతరలో ఆఖరి కుస్తీ అతనికీ, ఏటి అవతల నుంచి వచ్చిన మారుతికీ పడింది. మారుతిని తెచ్చినవాడు ఊరి పెద్ద రంగారావు పటేల్. రెండేళ్లు తన ఇంట్లో పెట్టుకొని పాలు, బాదాములతో మేపాడు. ఈసారి గద తన ఇంటికే వస్తుందని తాసీల్దారుతో ముందే అన్నాడు. మారుతి మాత్రం చెడ్డవాడు కాదు. ఆ మాట మా అవ్వ ప్రతిసారీ విడిగా చెప్పేది.

పావుగంట సేపు ఇద్దరూ గోదాలో కొమ్ములు కలిపిన దున్నల్లా నిలబడ్డారు. ఆ తరువాత పోశెట్టి ఒక్కసారి వంగి, మారుతి చేతిని తన భుజం మీదుగా లాగి, చాకలి బట్ట ఎత్తినట్టు ఎత్తి వేశాడు. మారుతి వెల్లకిలా పడ్డాడు. ఓడిపోవడమంటే వీపు మీది రెక్కలు రెండూ మట్టికి అంటడమే. ఆ మట్టి మామూలు మట్టి కాదు. నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు కలిపి తొక్కిన మట్టి. అంటిందంటే చర్మం మీద పూసినట్టు కూర్చుంటుంది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. తీర్పు చెప్పే ముగ్గురు పంచులు మాత్రం గోదా వైపు చూడలేదు, పటేల్ మొహం వైపు చూశారు. పటేల్ గడ్డం గోక్కున్నాడు. కాసేపటికి మైకులో, "పడినప్పుడు మారుతి పహిల్వాన్‌కు ఒక్క రెక్కనే అంటింది, వెంటనే తిరగబడి పోశెట్టిని గోదా బయటకు నెట్టిండు, కాబట్టి ఈ ఏటి మంజీర కేసరి మారుతి" అని చెప్పారు. నెట్టడం ఎవరూ చూడలేదు. శనగలమ్మే గంగవ్వ గంప మీద చెయ్యి పెట్టుకొని, "ఒక్క రెక్కనేనట! రెండోది ఇంట్ల పెట్టొచ్చిండేమో, ఎవలన్న పోయి తేపోండ్రి" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు కానీ నవ్వుతో తీర్పు మారదు.

ఇక్కడ మా తాలీంల రివాజు ఒకటి చెప్పాలి. కుస్తీ ముగిశాక, ఓడినవాడి వీపు మీద మట్టిని గెలిచినవాడి వస్తాద్ తన తువ్వాలతో దులపాలి. ఓడినవాడు వంగి, ఆయన కాళ్లు మొక్కి, "మట్టి చెల్లింది వస్తాద్" అనాలి. పగ గోదాలోనే ఆగిపోయింది, ఇంటి దాకా మోసుకుపోను అని దాని భావం. కొబ్బరికాయ కుస్తీ నాడే పిల్లలకు ఇది మప్పుతారు. ఓడి వెక్కివెక్కి ఏడ్చే పిల్లవాడైనా, వీపు మీద తువ్వాల పడితే ముక్కు ఎగబీలుస్తూ ఆ మాట అంటాడు. ఏటికి అటైనా ఇటైనా ఇదే రివాజు. ఆ రోజు గెలుపు మారుతిదని చెప్పారు కనుక, మారుతి వస్తాద్ పోశెట్టి వీపు దులపాలి. ఆయన ముసలివాడు, తువ్వాల పట్టుకొని వచ్చాడు. పోశెట్టి వెనక నిలబడి చూశాడు. చెమట మీద మారుతి చేతుల అచ్చులు రెండు తప్ప అక్కడ మట్టి లేదు. ఆయన తువ్వాల తిరిగి భుజాన వేసుకొని, పోయి తన బండిలో కూర్చున్నాడు.

అప్పుడే పోశెట్టి వచ్చి మా తాతను ఆ ప్రశ్న అడిగింది. "ఊరంత చూసింది. వీపు చూసింది. మైకు చూడలే. ఇగ నేను గెలిచినట్టా, ఓడినట్టా? గెలుపు ఎవరి నోట్ల ఉంటది? పటేల్ నోట్ల ఉంటే పటేల్ ఇంట్లనే పాలు తాగేటోన్ని కద, ఇక్కడ పన్నెండేండ్లు ఈ మట్టి ఎందుకు తొక్కిన?" పక్కనున్న కుర్రకారు కట్టెలందుకుని, పెద్దలు కూర్చున్న మంచె కూలుద్దామని లేచారు. మా తాత వాళ్ల వైపు చూసి, "కట్టెలు కింద పెట్టున్రి. కట్టెతోని గెలిచినోనికి కొబ్బరికాయ గూడ ఇయ్యరు" అన్నాడు. లంగోటి చుట్టను తీసి చంకలో పెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాల దులిపి, మడిచి, మంచె వైపు నడిచాడు. కొట్లాటకు పోతున్నాడో, దండం పెట్టడానికి పోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

మంచె మీద తెల్ల దుప్పటి పరిచారు. తాసీల్దారు కుర్చీలో కూర్చున్నాడు. మారుతి భుజాన గద పెట్టుకొని నిలబడ్డాడు. గెలిచినవాడు కడుక్కోకుండా మట్టి మీదనే గద అందుకోవాలి, అదీ ఆనవాయితీయే. పటేల్ తెలివైనవాడు కనుక గద ఇచ్చే ముందే మారుతి వీపు మీద పెద్ద శాలువా కప్పించాడు. మైకు పట్టుకున్న మనిషి దాన్ని మారుతి నోటి ముందు పెట్టి, "రెండు ముక్కలు చెప్పు పహిల్వాన్, పటేల్‌సాబ్ గురించి చెప్పు" అంటున్నాడు. మారుతి గదను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటున్నాడు. మా తాత మెట్లెక్కడం చూసి పటేల్ నవ్వుతూ లేచాడు.

"రా బీరయ్యా, రా. పెద్ద మనసు నీది. దీవించు పహిల్వాన్‌ను."

"దీవిస్త పటేలా. తీర్పు మీది, కాదన. రివాజు మాది, దాన్ని మీరు కాదనొద్దు" అన్నాడు మా తాత.

అని, ఎవరూ ఆపేలోగా మారుతి వెనకకు వెళ్లి, శాలువా అంచు పట్టి పైకి తీసి, నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టాడు. మా అవ్వ ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేది. శాలువాను విసిరేయలేదట, మడతపెట్టాడట. ఎదుటివాడు మంచివాడైనా కాకున్నా వాడి బట్టను మట్టిలో వేయకూడదు అనేది. శాలువా తీసేసరికి మారుతి వీపు జనానికి కనిపించింది. మెడ కింది నుంచి నడుము దాకా, ఈ రెక్క నుంచి ఆ రెక్క దాకా, అలికిన గోడలా ఎర్రగా ఉంది. మా తాత తువ్వాల తీసి కుడి రెక్క దులిపాడు. ఎర్రమట్టి తెల్ల దుప్పటి మీద రాలింది. తువ్వాల మడత మార్చి ఎడమ రెక్క దులిపాడు. అక్కడా రాలింది, మొదటిదానికంటే ఎక్కువే రాలింది. పిల్లవాడికి తలంటు పోసినట్టు, తొందర లేకుండా దులిపాడు.

మారుతి ఏం తలచుకున్నాడో మనకు తెలియదు. తలచుకోలేదనే మా అవ్వ నమ్మకం. ఏడేళ్ల వయసు నుంచి వీపు మీద తువ్వాల పడ్డప్పుడల్లా చేసిన పనినే అతని ఒళ్లు చేసింది. గద భుజం మీద ఉండగానే గిర్రున తిరిగి, వంగి, మా తాత కాళ్లు మొక్కి, "మట్టి చెల్లింది వస్తాద్" అన్నాడు. మైకు పట్టుకున్న మనిషి అతని నోటితోపాటే వంగాడు. ఆ మాట రెండు వైపులా కట్టిన బాకాల్లోంచి వచ్చి, కుస్తీ మైదానం మీదుగా, జాతర దుకాణాల మీదుగా, గుడి దాకా వినిపించింది. గంగవ్వ గంప వదిలేసి లేచింది. మారుతి తలెత్తి, తానేమన్నాడో అప్పుడు విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పటేల్, "మైకు బంద్ చెయ్యిరా లుచ్చా!" అన్నాడు. అదీ బాకాల్లో వినిపించింది.

జనం అప్పుడు చేసిన గోలను మా అవ్వ వర్ణించేది కాదు. చేతులు రెండూ పైకెత్తి దించేది, అంతే. తీర్పు మారలేదు. పంచులు ముగ్గురూ అన్న మాట మీదే ఉన్నారు. గద మారుతితోనే పటేల్ ఇంటికి పోయింది. గోడ మీద ఆ ఏటి కేసరిగా ఇప్పటికీ మారుతి పేరే ఉంది. గుడికి వెళ్లినప్పుడల్లా చూస్తాను. మారుతి మరుసటి ఏడు కోనంపల్లికి రాలేదు. మా అవ్వ అతన్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. "ఆ నోరు మంచిది బిడ్డా, పటేల్ చెప్పింది మరిచి దేవుడు నేర్పింది అన్నది" అనేది.

పొద్దు ఇంకా ఉండగానే మా తాత తాలీంకు తిరిగి వచ్చాడు. వెనక పోశెట్టి వచ్చాడు. మా తాత గోదా అంచున నిలబడి తువ్వాలను గట్టిగా విదిలించాడు. మారుతి వీపు మీది మట్టి, తాలీం మట్టిలో పడింది. చంకలోంచి లంగోటి చుట్ట తీసి పోశెట్టి చేతిలో పెట్టాడు. పోశెట్టి దాన్ని చూశాడు, గోదాను చూశాడు. దిగి, ఆ కొత్త మట్టి పడిన చోట మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో కలపసాగాడు. కొంతసేపు కలిపాక, ఇంకా మనసులో ముల్లు పోనట్టుంది, తలెత్తకుండానే అడిగాడు.

"అంత మంచిగనే ఉన్నది వస్తాద్. గద మాత్రం వాని భుజం మీదనే ఉన్నది కద?"

"ఉన్నది" అన్నాడు మా తాత, తువ్వాల భుజాన వేసుకుంటూ. "బరువుంటది పోశెట్టీ. మోయనియ్యి."