ఓబులమ్మ పొట్టి గరిసె

నల్లగుట్ట కింది ఎర్రనేలలో జంతువులన్నీ కలిసి వేరుశనగ పండించుకునేవి. ఎద్దు దున్నేది, అడవిపంది గట్లు వేసేది, నెమలి పురుగులు ఏరేది, నక్క అందరికీ పని చెప్పేది. పని చెప్పడం కూడా పనే కదా అన్నది ఆ నక్క సుంకన్న వాదన. నోటితో సుంకన్నని గెలిచినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, కాయలు పంచుకునే రోజున కళ్ళం పెద్దగా కూర్చునేది కూడా అతనే.

పంచుకోవడానికి అక్కడొక పద్ధతి ఉండేది. ఇంటికొక ఈతచాప. చాపలన్నీ ఒకే కొలత, పొడవు వెడల్పుకి సరిగ్గా రెండింతలు. ఎవరి చాపని వాళ్ళు కళ్ళంలో నిలబెట్టి, అంచుకి అంచు కలిపి నారతో కుట్టుకోవాలి. అదే ఆ ఇంటి గరిసె. అందులో ఎన్ని కాయలు పడితే అన్నీ ఆ ఇంటివి. చాపని కోయకూడదు, ఇంకో ముక్క అతకకూడదు. కళ్ళంలో దొంగతనం చేసినవాళ్ళు మాత్రం పిల్లాజెల్లాతో సహా వాగు దాటి వెళ్ళిపోవాలి. వాగు అవతల అంతా బండరాయి. తవ్వుకోవడానికి మట్టి లేదు, తినడానికి గింజ లేదు.

ఆ ఏడు కళ్ళంలోకి కొత్తగా ఒక ఇల్లు వచ్చింది. పందికొక్కు ఓబులమ్మ ఇల్లు.

తరతరాలుగా పందికొక్కు అంటే దొంగ అనే లెక్క. చేను వాళ్ళది కాదు, కళ్ళం వాళ్ళది కాదు, బొరియలోంచి వచ్చి బొరియలోకి పోయే జాతి. కానీ ఆ ఏడు వాన మొహం చాటేసింది. నేల ఇటుకలా బిగుసుకుపోయింది. పీకితే చెట్టు ఒక్కటే చేతికి వచ్చేది, కాయలు తెగి నేలలోనే ఉండిపోయేవి. అందరూ తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఓబులమ్మ తన పదహారు మంది పిల్లల్ని వెంటేసుకుని చేలోకి దిగింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, సాలు వెంట సాలు తవ్వి కాయలు పైకి తెచ్చి కుప్ప పోసింది. ఒక్క కాయ నోట్లో వేసుకోలేదు, పిల్లల్ని వేసుకోనివ్వలేదు. సగం పంట అలా బయటపడింది.

"ఈ ఇంటికి కూడా ఒక చాప ఇయ్యాల," అన్నాడు ముసలి ఎద్దు లింగప్ప. అందరూ తలూపారు. అయిష్టంగానే సుంకన్న కూడా.

చాప నెత్తిన పెట్టుకుని కళ్ళంలోకి నడిచిన పొద్దున ఓబులమ్మ తల ఎంత పైకి లేచిందంటే, సగం దారిలో మెడ నొప్పి పుట్టింది. అయినా దించలేదు. వాళ్ళ వంశంలో కళ్ళంలోకి దారి మీదుగా నడిచి వచ్చిన మొదటి పందికొక్కు ఆమె.

"ఏమ్మే ఓబులమ్మా, ఎప్పుడూ కింద నుంచి వచ్చేదానివి, ఈ పొద్దు పైనుంచి వచ్చినావే?" అన్నాడు సుంకన్న.

"పని చేసినోళ్ళు పైనుంచే వస్తారులే అన్నా."

సుంకన్నకి ఆ జవాబు గొంతులో ముల్లులా గుచ్చుకుంది. దగ్గి, అందరి వైపూ తిరిగాడు.

"ఇనండి. పోయినేడు అడవిపంది తన గరిసెను ఇప్పేది, కుట్టేది, ఇప్పేది, కుట్టేది. పొద్దు గుంకిపోయె. ఈసారి అట్ల కుదరదు. చాప ఎట్ల నిలబెట్టినారో అట్లనే. ఒకసారి నిలబెట్టినాక తిప్పేదానికి లేదు. నాకైనా సరే."

అని ముందుగా తన చాపనే చుట్టాడు. పొడవు వైపు పైకి ఉండేలా, సన్నగా, నిటారుగా. గరిసె లింగప్ప కొమ్ముల దాకా లేచింది. సుంకన్న నాలుగడుగులు వెనక్కి వేసి దాన్ని కింది నుంచి పైదాకా చూసుకుని మురిసిపోయాడు.

నెమలి వన్నూరప్పకి గుండ్రంగా చుట్టడం తన అందానికి తక్కువనిపించింది. అతను కూడా పొడవు వైపే పైకి నిలిపాడు కానీ, నాలుగు మడతలు పెట్టి, మూలలు తీర్చి, నిలువు పెట్టెలా చేశాడు. "మూలలుంటేనే కదప్పా సొగసు," అన్నాడు తోక సర్దుకుంటూ.

ఓబులమ్మ మాత్రం నేల వైపు చూస్తూ నిలబడింది. చాపని పొట్టిగా, వెడల్పుగా నిలబెట్టాలని ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది. చిక్కు ఒకటే. ఎదుటివాళ్ళు ఏది కావాలంటే దాన్ని కాదనడం సుంకన్నకి అలవాటు. అందుకని ఒక ఎత్తు వేసింది.

"సుంకన్నా, నీ గరిసె చూస్తాంటే కళ్ళు తిరుగుతాండాయి. నాకూ అట్లనే ఎత్తుగా నిలబెట్టుకోవాలని ఉండాది. దయ చూడన్నా."

దయ అనే మాట పలకడానికి ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ దయ అడగనిది ఆమె.

సుంకన్న కళ్ళు మెరిశాయి. "అట్లెట్ల? కాలు పొడుగున్నోళ్ళకు గరిసె పొడుగు, కాలు పొట్టివాళ్ళకు పొట్టి. నీ చాపను అడ్డంగా తిప్పి, కురచగా నిలబెట్టుకో. ఇది కళ్ళం పద్ధతి."

"ఎప్పటినుంచి?" అన్నాడు లింగప్ప.

"ఇప్పటినుంచి. కళ్ళం పెద్దను నేనా, నువ్వా?"

లింగప్ప పెద్దగా ఊపిరి వదిలాడు. "ఓబులమ్మా, నీకు సమ్మతమేనా?"

"పెద్దలు చెప్పినాక ఏం చేస్తాం మామా," అంటూ ఓబులమ్మ ఆ పొద్దున మొదటిసారి తల దించింది. నవ్వు దాచుకోవడానికి దించిందని ఎవరికీ తెలియలేదు.

గరిసెలు నింపే పని లింగప్పది. అతనికి మేయడానికి వేరుశనగ కట్టె తప్ప కాయలు అక్కర్లేదు కనుక, అతని చేతి కొలత మీద అందరికీ నమ్మకం. కొమ్ములకి గంప తగిలించుకుని, కుప్ప దగ్గర నింపుకుని, ఒక్కో గరిసెలో పోస్తూ వచ్చాడు. వన్నూరప్ప పెట్టెలో నాలుగో గంప పూర్తిగా పట్టనే లేదు, పైన పొంగి కొన్ని కాయలు కిందపడ్డాయి. సుంకన్న గరిసెలో ఐదు గంపలు సరిగ్గా పట్టాయి.

"చూసినారా?" అన్నాడు సుంకన్న. "ఎత్తంటే ఎత్తే. ఇంగ మన ఓబులమ్మ పొట్టి గరిసెకు ఎన్ని కావాలో? రెండు గంపలు పోసెయ్ మామా, పిల్లలకు ఇంగో పిడికెడు నేనిస్తాలే."

కళ్ళమంతా నవ్వింది. పదహారు మంది పిల్లలూ తల్లి వెనక నక్కారు.

లింగప్ప రెండు గంపలు పోశాడు. అడుగు కప్పబడినట్టుంది అంతే. నాలుగు పోశాడు. ఐదు పోశాడు. గరిసె సగానికి వచ్చింది. ఆరో గంపకి నవ్వులు ఆగాయి. ఏడో గంపకి అడవిపంది ముక్కున గిట్ట వేసుకున్నాడు. ఎనిమిదో గంప ఎత్తుతుండగా సుంకన్న ఎగిరి మధ్యలోకి దూకాడు.

"ఆపండి! కింద బొరియ తవ్వింది! కాయలన్నీ నేల లోపలికి పోతాండాయి! నేను ముందే చెప్పలేదా, పందికొక్కు బుద్ధి యాడికి పోతాది? దొంగ! దొంగ!"

దొంగ అన్న మాట వినగానే కళ్ళం ఒక్కసారిగా మారిపోయింది. నిన్నటిదాకా ఆమె పక్కన నిలబడి కాయలు ఏరినవాళ్ళే రెండడుగులు వెనక్కి జరిగారు. "నిజమే అయ్యుంటాది, లేకపోతే అంత కురచ దాంట్లో అన్ని గంపలు ఎట్ల పడతాయి?" అని వన్నూరప్ప గొణిగాడు. పిల్లల్లో చిన్నది, "అమ్మా, మనం వాగు దాటి పోవాల్నా?" అని అడిగింది.

ఓబులమ్మకి కోపం నెత్తికెక్కింది. చేలో ఎండకి వీపు కాలినప్పుడు కూడా అంత మండలేదు. అయినా గొంతు పెంచలేదు.

"మామా, నా గరిసె ఇప్పు. కాయలన్నీ పక్కకు తోయి. నేల చూడండి. అందరూ దగ్గరికొచ్చి చూడండి. బొరియ ఉంటే మీరు పొమ్మనేదాకా ఉండను, నేనే నా పిల్లల్ని తీసుకుని వాగు దాటతా. లేకపోతే?"

"లేకపోతే, దొంగ అన్న నోటితోనే ఆ మాట తిరిగి తీసుకోవాల," అన్నాడు లింగప్ప సుంకన్న వైపు చూస్తూ.

చాప విప్పారు. కాయలు పక్కకి నెట్టారు. పేడతో అలికి, ఎండకి గట్టిపడిన నేల గీత కూడా లేకుండా కనిపించింది. లింగప్ప గిట్టతో గట్టిగా తన్నాడు. ఠంగుమంది.

"అయితే చాపే పెద్దది! యాడో అతికింది!" అన్నాడు సుంకన్న, ఓడిపోవడం తెలియనివాడు కదా.

లింగప్ప ఓబులమ్మ చాపని నిలువుగా లేపి సుంకన్న గరిసె చుట్టూ కప్పాడు. పైన అంచు అంచుకి సరిపోయింది, పక్కన అంచు అంచుని ముట్టుకుంది. వేలెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు.

"చాప అదే," అన్నాడు అడవిపంది తల గోక్కుంటూ. "నేలా గట్టిదే. మరి కాయలు యాడికి పోతాండాయి?"

"యాడికీ పోలేదు. చూపిస్తా ఉండండి," అంది ఓబులమ్మ. తన చాపని మళ్ళీ అంతకుముందులానే పొట్టిగా తిప్పి, ఈసారి సుంకన్న పొడుగు గరిసె చుట్టూనే నిలబెట్టి కుట్టేసింది. ఇప్పుడు పొడుగుది లోపల, పొట్టిది బయట. "మామా, సుంకన్న చాపను పైకి లాగు."

లింగప్ప కొమ్ములు తగిలించి మెల్లగా లాగాడు. సన్నటి చాప పైకి వస్తున్నకొద్దీ దానిలోని కాయలు గలగలమంటూ జారి వెడల్పు గరిసెలోకి పరుచుకున్నాయి. చివరి కాయ పడేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ మెడలు చాచి లోపలికి తొంగి చూశారు.

కొమ్ముల దాకా లేచిన సుంకన్న గరిసె మొత్తం కలిపి ఓబులమ్మ పొట్టి గరిసెలో సగానికి వచ్చింది.



"ఇదేం మాయమ్మా?" అన్నాడు లింగప్ప.

"మాయ కాదు మామా. మా ఇంట్లో పిల్లలు పడుకునే గుండ్రటి గది ఒకటి ఉండె. నలుగురు ఇరుక్కుని పడుకుంటాండ్రి. ఎనిమిది మంది పడతారులే అనుకుని గది అడ్డం రెండింతలు చేసినాను. పదహారు మంది పట్టినారు! ఆ రోజు తెలిసె నాకు. గుండ్రటి దాని అడ్డం రెండింతలైతే నేల నాలుగింతలు అవుతాది. నా గరిసె చుట్టు సుంకన్న గరిసె చుట్టుకు రెండింతలు, కాబట్టి అడ్డమూ రెండింతలే. నేల నాలుగింతలు. ఎత్తు మాత్రం దాంట్లో సగం. నాలుగింతల్లో సగమెంత?"

"రెండింతలు!" అంది కళ్ళమంతా ఒక్క గొంతుతో. చిన్నపిల్ల అందరికన్నా గట్టిగా అరిచింది.

"మరి నా పెట్టె?" అన్నాడు వన్నూరప్ప, కాస్త భయంగానే.

"నీ దానిలో మూలలు సొగసుగానే ఉండాయి వన్నూరప్పా. అదే చాపను మూలలు లేకుండా గుండ్రంగా తిప్పింటే సుంకన్న మాదిరి ఐదు గంపలు పట్టేవి. ఒక గంపకు పైనే సొగసు కింద పోయె."

అడవిపంది పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుల మధ్యలో సుంకన్న మెల్లగా తన చాప దగ్గరికి జరిగాడు. అది ఎలాగూ ఊడి వచ్చి కింద పడి ఉంది. దాన్ని అడ్డంగా తిప్పి, పొట్టిగా, వెడల్పుగా చుట్టడం మొదలుపెట్టాడు.

లింగప్ప గిట్ట వచ్చి చాప మీద పడింది. "ఏం చేస్తాండావు సుంకన్నా?"

"ఏం లేదు మామా... గాలికి పడిపోకుండా కొంచెం వెడల్పుగా..."

"ఒకసారి ఎట్ల నిలబెట్టినామో అట్లనే. తిప్పేదానికి లేదు. నీకైనా సరే. పొద్దున ఎవరో అన్నారు, ఎవరబ్బా అది?"

"పైగా కాలు పొడుగున్నోళ్ళకు గరిసె పొడుగు. కళ్ళం పద్ధతి అన్నా," అంది ఓబులమ్మ.

సుంకన్నకి ఎదురుమాట దొరకలేదు. నోరు పుట్టాక అతనికి అలా జరగడం అదే మొదలు. తన ఐదు గంపలు తను తీసుకుని, పొడుగు గరిసెని మళ్ళీ పొడుగ్గానే నిలబెట్టుకున్నాడు. ఓబులమ్మ గరిసెలో పది గంపలు నిండాయి. తోక ముడిచి వెళ్ళబోతున్న నక్కని ఓబులమ్మ పిలిచింది.

"ఇంగో మాట బాకీ ఉండావు అన్నా."

సుంకన్న అటూ ఇటూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. "ఓబులమ్మ దొంగ కాదు," అన్నాడు నేల వైపు చూస్తూ.

"పైకి చూసి చెప్పు. నీకు ఎత్తంటే ఇష్టం గదా."

"ఓబులమ్మ దొంగ కాదు!" అని కళ్ళమంతా వినపడేలా అని, గుట్ట వెనక్కి వెళ్ళిపోయాడు.

కళ్ళం నుంచి ఓబులమ్మ ఇంటికి సొరంగం ఉంది, తాతల నాటిది. మూటలు మోసుకుపోవడానికి అదే దగ్గర దారి. పిల్లలు అలవాటు కొద్దీ అటు వెళ్ళబోయారు. "అటు కాదు," అంది ఓబులమ్మ. "దారి మధ్యలో నడవండి. ఎండ ఉండగానే. అందరూ చూడనీ. ఇది కొల్లగొట్టింది కాదు, కొలిచి తెచ్చుకున్నది."

పదహారు మూటలు వరసగా ముందు నడిచాయి. వెనక ఓబులమ్మ. దారి పక్కన నిలబడ్డ లింగప్ప తల వంచి దారి ఇచ్చాడు. ఆమె మెడ మళ్ళీ నొప్పి పుట్టేంతగా తలెత్తి, ఒక చేత్తో మూట పట్టుకుని, రెండో చేత్తో మీసం మెలేసుకుంటూ వెళ్ళింది.

ఎత్తు చూసి మురిసేవాడి కంట అడుగున ఉన్న చోటు పడదు.