పూలు రుద్దిన పొద్దు

చిదంబరయ్య అయివారిని కూర్చుని ప్రశ్న అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, కూర్చుని జవాబు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆయనకదే అలవాటు. ఉద్యోగం ముగించుకుని సొంత చేను చూసుకుంటున్నప్పుడూ అంతే. ఎవరైనా ధర్మసందేహం మోసుకొస్తే చేతిలో పారో కొడవలో పెట్టేవారు. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి నడుంనొప్పి మిగిలేది.

ఆయన పాత శిష్యుడు ఓబుళపతి ఒక సాయంత్రం సంచిలో ఖాళీ మందు డబ్బా పెట్టుకుని వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. ఆ డబ్బా తీసి, సాక్షిని బోనెక్కించినట్టు అయివారి ముందు నిలబెట్టాడు.

“న్యాయంగా చెప్పండి అయివారూ. పొద్దుతిరుగుడుకు పురుగు పడింది, మందు కొట్టించాను. దీనిమీద రాసిన మోతాదుకు చుక్క మించలేదు. మీరు నేర్పిన శాస్త్రమే! మా తమ్ముడి తేనెటీగలు చచ్చిపోతే తప్పు నాదెట్లవుతుంది?”

జరిగింది ఇదీ. అతని తమ్ముడు మద్దిలేటి ఇద్దరి చేలకూ నడిమి గట్టున తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. “అన్నా, మందు కొట్టే ముందురోజు ఒక్క మాట చెప్పు, పెట్టెల మూతులు మూసుకుంటా” అని విత్తనం వేసిన నాడే అడిగాడు. ఓబుళపతి సరేనన్నాడు. తీరా చేను విరగబూసిన వేళ మందు కొట్టే మనుషులు పొద్దున్నే దొరికారు. తమ్ముడి ఇల్లేమో పిలిస్తే పలికేంత దూరం. అయినా పిలవలేదు. నా చేలో నేను మందు కొట్టుకోవడానికి ఒకరికి చెప్పేదేమిటి అనుకున్నాడో, నిజంగా మరిచేపోయాడో, ఇప్పుడు అతనికే తెలీదు. మధ్యాహ్నానికి పెట్టెల ముందు నేలంతా నల్లబడింది. మద్దిలేటి భార్య చీపురు పట్టి, చచ్చిన ఈగలను ఊడ్చి చేటలోకి ఎత్తింది. మద్దిలేటి చూస్తూ నిలబడ్డాడు. నాలుగు తిట్లు తిట్టి ఉన్నా బాగుండేది! తిట్టలేదు. ఆనాటి నుంచి అన్నతో మాటే లేదు.

చిన్నప్పటి నుంచీ ఒకే సద్దిమూట విప్పుకుని తిన్నవాళ్లు. తేనె పిండిన ప్రతిసారీ మొదటి గిన్నె అన్న ఇంటికే వచ్చేది. ఇప్పుడు ఓబుళపతి గట్టున ఒక్కడే కూర్చుంటే జొన్నరొట్టె గొంతు దిగడం లేదు. ఎదురుగా మనిషి లేనప్పుడు ఎంత కమ్మటి పప్పయితే మాత్రం ఏం రుచి!

చిదంబరయ్య డబ్బా వైపైనా చూడలేదు. “ఈగల్లేవు గదా, మరి పూల సంగతెవరు చూస్తున్నారు?” అన్నారు. ఈ గొడవలో పడి ఆ ఊసే ఓబుళపతికి తట్టలేదు. “సరే, రేపు పొద్దున నేనొస్తా. రెండు మెత్తటి గుడ్డలు పెట్టుకో” అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఈగ వాలని పొద్దుతిరుగుడుకు మనిషే ఈగ కావాలి. అరచేతికి గుడ్డ చుట్టుకుని, పూవు ముఖాన్ని మెల్లగా రుద్ది, అంటిన పుప్పొడిని పక్క పూవుకు అంటించాలి. లేదంటే పూవు పళ్లెమంత విచ్చినా లోపల అన్నీ తాలు గింజలే. గురుశిష్యులిద్దరూ చెరో వరస పట్టారు. ఎండ ఎక్కేసరికి ఓబుళపతికి భుజాలు లాగేశాయి. తలెత్తి చూస్తే చేను చేనంతా అట్లాగే ఉంది.

“అయ్యో, ఇంత పని అవి చేసేవా!” అన్నాడు.

అప్పుడు కనిపించాడు మద్దిలేటి. చేనికి ఆ చివర, తలగుడ్డ విప్పి చేతికి చుట్టుకుని, ఎవరూ పిలవకుండానే పూలు రుద్దుకుంటూ ఇటే వస్తున్నాడు. ఓబుళపతికి ప్రాణం లేచొచ్చింది. తన వరస వదిలేసి ఎదురు నడిచాడు. దగ్గరికి రాగానే మద్దిలేటి చెయ్యి ఆపి అన్న ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. వినడానికి నిలబడ్డ మనిషి చూపు అది.

ఇన్నాళ్లూ ఒంటరిగా కూర్చుని పేర్చుకున్న మాటలు ఓబుళపతి దగ్గర చాలానే ఉన్నాయి. కానీ ఊరందరికీ చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయిన మాటే ముందు దొర్లింది.

“మోతాదు మించలేదురా మద్దిలేటీ. కావాలంటే డబ్బా చూపిస్తా.”

మద్దిలేటి చేతిగుడ్డ విప్పి, దులిపి, తలకు చుట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు. కేకేసి పిలుద్దామనుకున్నాడు ఓబుళపతి. పిలిచి ఏం చెప్పాలో తోచక, పుప్పొడి చేతుల్తోనే ముఖం రుద్దుకున్నాడు. కళ్లు మండాయి.

“నేనేమన్నాను అయివారూ? ఉన్న నిజమే గదా చెప్పాను!” అన్నాడు.

చిదంబరయ్య పూవు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

“నిజమే నాయనా, మోతాదు మించలేదు” అన్నారు. “వాడు అది అడగడానికి రాలేదు.”