పెంటమ్మ వేలు

అనగనగా, సముద్రం మన పల్లెకి ఇప్పటికంటే రెండు కేకల దూరాన ఉండే రోజుల్లో, ఇసుక దిబ్బ అవతల పెంటమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకి ముందు పుట్టిన వాళ్ళు ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈ పిల్లయినా దక్కాలని తల్లి ఆమెని పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుని, ఆ పేరు పెట్టింది. దక్కింది. మొగుడు సముద్రంలో పోయాడు, కూతురు కాన్పులో పోయింది, పెంటమ్మ మాత్రం మిగిలింది. కూతురు వదిలివెళ్ళిన పసిగుడ్డుకి బంగారి అని పేరు పెట్టుకుని, ఆ పిల్ల మొహం చూసుకుంటూ బతికేది.

ఆమె పనేమిటంటే, సొరచేప కార్జం కాచి నూనె తియ్యడం. ముక్కులు మూసుకోకండర్రా, కథలోంచి కంపు రాదు. ఆ రోజుల్లో మాత్రం వచ్చేది, దిబ్బ దాటి వచ్చేది. అందుకే ఊరు ఆమెని దిబ్బ అవతల పెట్టింది. నూనె కావాలి, కంపు వద్దు. మనుషుల తీరే అంత.

ఆ నూనె ఎవరికంటారా? మనుషులకి కాదు. నావలకి. పలకల సందుల్లో పట్టిస్తే నావ నీళ్ళు తాగదు. అందుకని దాన్ని నావ కూడు అనేవాళ్ళు. నావకి మనం పెడితే నావ మనకి పెడుతుంది, నావ కూడు మనిషి తింటే నావ మనిషిని తింటుంది. ఇది ఊళ్ళో పాలు తాగే పిల్ల దగ్గర్నుంచి కాటికి కాళ్ళు చాపిన ముసలి దాకా అందరికీ తెలుసు. నావ కూడు నావకే.

కాకపోతే నూనె కాగిందో లేదో చూడాలి కదా. దానికి ఒకటే దారి. నురగ పొంగినప్పుడు ఒక వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవాలి. ముక్కలు అడుక్కి దిగినప్పుడు ఇంకో వేలు. కుండ దింపబోయే ముందు మూడో వేలు. గొంతులో గీరితే కాగలేదని, నున్నగా జారితే కాగిందని. ఆ మూడు వేళ్ళూ పెంటమ్మవి. వాటిని ఎవరూ తప్పు పట్టలేదు, అది తినడం కిందికి రాదు కదా.

ఇలా ఉండగా ఒక చెడ్డ ఏడు వచ్చింది. వలలు ఖాళీగా వచ్చేవి. పడ్డ నాలుగు కవళ్ళ చేపలూ ఎండబెట్టి, మోసుకెళ్ళి మెట్ట ఊళ్ళలో గింజలకి మార్చుకొచ్చేవాళ్ళు. కొవ్వున్న చేపంతా అలా తట్టల్లో నడిచి వెళ్ళిపోయేది. ఇంట్లో వాళ్ళకి మిగిలేది ఉప్పు గంజి. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో చేప ఉండదు, ఇది పాత సంగతే.

అప్పుడు పట్టుకుంది ఊరిని రేచీకటి. పగలంతా పిల్లగుంటలు బాగానే ఆడుకునేవారు. దీపాలు పెట్టే వేళయ్యేసరికి చేతులు ముందుకి చాపుకుని గోడలు తడుముకునేవారు. గంజి ముంత ముందుంటే చెయ్యి పక్కకి పోయేది. తల్లులు దిష్టి తీశారు, తగ్గలేదు. తాయెత్తులు కట్టారు, తగ్గలేదు. గంగమ్మకి కోడిని మొక్కారు, తగ్గలేదు.

ఒక సాయంత్రం బంగారి గుమ్మానికి గుద్దుకుని పడింది.

"చూసి నడవ్వేటే?" అంది పెంటమ్మ.

"చీకటి పడిపోయింది కదా అమ్మమ్మా. దీపం పెట్టవేం?"

దీపం ఆ పిల్ల ఎదురుగానే వెలుగుతోంది.

పెంటమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. ఊళ్ళో ఏ ఇంట చూసినా ఇదే గోడు, మరి నా కళ్ళకేమీ కాలేదేం అనుకుంది. ఈ వయసులో కూడా మునిమాపు వేళ వలకి ముడి వెయ్యగలదు ఆమె. అందరూ తాగే గంజే తనూ తాగుతోంది. అందరూ తాగే నీళ్ళే తనూ తాగుతోంది. అందరూ తిననిది తను తినేది ఒకటే, ఆ మూడు వేళ్ళ నూనె.

మర్నాడు కుండ దగ్గరికి బంగారిని తీసుకెళ్ళింది. నావ కూడు నావకే, తెలుసు. మొగుణ్ణి మింగిన సముద్రం ఎదురుగానే ఉంది. అయినా కొబ్బరి చిప్పతో ఇంత నూనె పిల్ల నోట్లో పోసింది. బంగారి మొహం చిట్లించి, ఉమ్మబోయి, అమ్మమ్మ మొహం చూసి మింగేసింది.

మొదటి సాయంత్రం ఏమీ కనపడలేదు. రెండో సాయంత్రమూ కనపడలేదు. అలా పోస్తూనే ఉంది. ఒక సాయంత్రం బంగారి ఆమె మొహం వైపు చూసి, "నీ ముక్కుపుల్లకి మసి అంటుకుంది అమ్మమ్మా," అంది. పెంటమ్మ ఆ మసి తుడుచుకోలేదు. ఏడుస్తూ కూర్చుంది.

మంచి మాట దాగుతుందా? ముందు ఒక తల్లి వచ్చింది. "పెంటమ్మత్తా, నీ మనవరాలికేం పెట్టావో మా గుంటడికీ పెట్టు." తర్వాత ఇంకో తల్లి వచ్చింది. ఆ తర్వాత దిబ్బ మీద తల్లుల వరసే. కాదనలేకపోయింది. కుండలో నూనె తగ్గింది, నావల పలకలు తెల్లబడ్డాయి.

ఊరికి పెద్ద దానయ్య. చెడ్డవాడని మాత్రం అనుకోకండి. ఇద్దరు కొడుకులని సముద్రానికి ఇచ్చినవాడు. ఎండిన పలక విడిపోతే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన కుండ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పెంటమ్మా, నావ కూడు ఎవరికి?"

"నావకే పెద్దయ్యా."

"మనిషికి పెట్టావా?"

"పెట్టాను. గుంటలకి కళ్ళు కనపడ్డం లేదు."

"కళ్ళు కనపడని గుంటలకి తండ్రులు కూడా లేకపోతే ఎవరు గంజి పోస్తారే? నువ్వా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. దానయ్య ఆమె చేత గంగమ్మ మీద ఒట్టు వేయించాడు. కాగిందో లేదో చూసే ఆ మూడు వేళ్ళు తప్ప, ఒక్క బొట్టు కూడా మనిషి నోట్లోకి పోకూడదని. పెంటమ్మ కుండ మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఆ రాత్రంతా ఆలోచించింది.

మర్నాడు పిల్లల్ని పిలిచింది. నురగ పొంగగానే వేలు ముంచి, ఊది, ఒక గుంట నాలుక మీద పెట్టింది.

"గీరుతోందా, జారుతోందా?"

"గీరుతోందే."

ముక్కలు దిగాక ఇంకో గుంటకి. "గీరుతోందా, జారుతోందా?" దింపే ముందు మూడో గుంటకి. "జారిపోయిందే పెంటమ్మవ్వా." అప్పుడు కుండ దింపింది. కుండకి ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరికి వంతు. ఒట్టు తప్పలేదు. నావలకి రావలసిన నూనె నావలకి వెళ్ళింది. దానయ్య కోడలు కూడా కొడుకుని చంకనేసుకుని వచ్చి వరసలో నిలబడింది. దానయ్య దూరం నుంచి చూశాడు. చూసి, మొహం సముద్రం వైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఒక్కొక్క ఇంట్లోనూ గుంటలు మళ్ళీ సాయంత్రాలు ఆడుకోవడం మొదలుపెట్టారు. ఊరంతా సంబరపడింది. తెలివంటే పెంటమ్మదే అన్నారు. ఆ మూడు వేళ్ళూ అంతకుముందు ఎవరి నోట్లోకి వెళ్ళేవో ఒక్కరికైనా తోచిందా? తోచలేదు.

బంగారికి తోచింది. అమ్మమ్మ సాయంత్రమైతే తాటాకు దడి పట్టుకుని నడుస్తోంది. గంజి ముంత ముందుంటే చెయ్యి పక్కకి పోతోంది.

"అమ్మమ్మా, నీకు కనపడ్డం లేదు కదా?"

"ముసలి కళ్ళే. అవెంత కాలం చూస్తాయి?"

"నువ్వూ ఒక వేలు నాకొచ్చు కదా."

"నేను నాకితే ఒక గుంట వంతు పోతుంది."

"అయితే నా వంతు నువ్వు తీసుకో."

పెంటమ్మ పిల్ల తల మీద చెయ్యి వేసింది. "ఈ ముసలి కళ్ళు పోతే ఏటవుతుందే? నీ కళ్ళు పోతే నేను దేన్ని చూసుకుని బతకాలి? ఇంకెవరికీ చెప్పకు, నా మీద ఒట్టు."

బంగారి ఎవరికీ చెప్పలేదు. చిన్నపిల్ల, ఒట్టు అంటే భయం.

వానాకాలం వచ్చింది. ఒకనాడు పెద్ద సొర పడింది, కుండ దింపేసరికి పొద్దుపోయింది. రోజూ నడిచే దారే కదా అని పెంటమ్మ ఒక్కతే ఇంటికి బయల్దేరింది. కానీ ముందురోజు వానకి, ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కకి జరిగి, దారిని అడ్డంగా కోసేసింది. కళ్ళున్న వాళ్ళు చుట్టు తిరిగి వచ్చారు. పెంటమ్మకి కళ్ళు లేవు. దడి ఎక్కడుందా అని చేతులు చాపుకుంటూ తిన్నగా నీళ్ళలోకి నడిచింది.

గంజి చల్లారిపోయినా అమ్మమ్మ రాలేదు. బంగారి ఏడుస్తూ ఊళ్ళోకి పరిగెత్తింది. గాలికి దివిటీలు నిలవలేదు. అప్పుడు గుంటలే చీకట్లో పడి వెతికారు, ఒకప్పుడు గుమ్మాలకి గుద్దుకున్న గుంటలు. అందరికంటే ముందు బంగారికే కనపడింది, మొగ ఒడ్డున, ఇసుకలో బోర్లా. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు విన్నవాళ్ళు బతికినన్నాళ్ళూ మర్చిపోలేదట. ఈ కళ్ళు నాకెందుకు ఇచ్చావే అమ్మమ్మా, ఇది చూడ్డానికా అని ఏడ్చింది. ఒట్టు సంగతీ, వంతు సంగతీ అప్పుడు చెప్పింది.

ఊరు తల దించుకుంది. దానయ్య లేచి వెళ్ళి, కుండలోంచి చిప్పెడు నూనె తెచ్చాడు. పెంటమ్మ పక్కన కూర్చుని, తన వేలు ముంచి, ఆమె పెదవుల మీద రాశాడు.

"తిను పెంటమ్మా. నావ ఏమీ అనదు," అన్నాడు.

నూనె ఆమె బుగ్గ మీదికి కారిపోయింది. ఆయన కండువాతో తుడిచి మళ్ళీ రాశాడు.

ఆ రోజు నుంచి మన ఒడ్డున నావ కూడు అనే మాట పోయింది. సొర పడితే ముందు పిల్లలకి, బాలింతలకి, కీళ్ళు పట్టేసిన ముసలివాళ్ళకి, ఆ తర్వాతే నావకి. కవళ్ళు పడితే కొవ్వున్నవి ముందు ఇంట్లో ఉంచుకుని, మిగిలినవే తట్టకెత్తుతారు. ఇప్పుడు పట్నంలో చేప నూనెని పసుప్పచ్చ గోళీల్లో పోసి ఇస్తున్నారట, మింగితే కంపు కూడా రాదట. మంచిదే, మింగండి. మన ఊళ్ళో మాత్రం తల్లులు ఇప్పటికీ ఒకరినొకరు, "గుంటడికి పెంటమ్మ వేలు నాకించావా?" అనే అడుగుతారు.

ఇంకొకటి ఉంది. కుండ దగ్గర ఎవరు కూర్చుని కాచినా, ఆమె వేలు ముంచి పిల్ల నోటి దగ్గర పెడితే పిల్ల నోరు తెరవదు. ఎంత బుజ్జగించినా తెరవదు. మాటలు రాని పసివాడైతే వాడి తరఫున తల్లి చెబుతుంది, "ముందు నువ్వు తిను" అని. కాచే ఆవిడ ఆ వేలు తను నాకి, మింగి, నోరు తెరిచి చూపించాలి. అప్పుడే పిల్లకి రెండో వేలు.