పగలని బొమ్మ

మంజీర పంపిన బొమ్మను పరిశోధన పత్రికవాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. పెద్దది చేస్తే పగిలిపోతోందట. చుక్కలుగా కాదు, గీతలుగా, అంటే వెక్టర్‌లో పంపమన్నారు. సాయంత్రం ఐదు దాటితే ఆమె నాలుగేళ్ల పని ఈ సంచికలో లేనట్టే.

మూడింటికల్లా సాధించింది. తెరమీద అన్ని వైపులా తిరిగే అణువును గీతల్లోకి దించి, ప్రింటు తీసి గురువుగారి గదికి పరుగెత్తింది.

"బస్టాండులో హోర్డింగు కట్టినా పగలదు మేడమ్! మన ల్యాబులో ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు."

హైమవతి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "గీత కత్తిలా ఉంది," అన్నారు. ఉత్తపుణ్యానికి మెచ్చుకునే మనిషి కాదావిడ. మంజీర మొహం వెలిగిపోయింది.

ఆవిడ సొరుగులోంచి రంగు బంతులూ పుల్లలూ ఉన్న డబ్బా తీశారు. ముప్పయ్యేళ్లుగా విద్యార్థులకు అణువులు కట్టి చూపించే డబ్బా అది.

"ఈ కార్బన్ దగ్గర మొదలుపెట్టి బొమ్మ చదువు. నేను చూడను, కడతాను."

"ఇప్పుడా మేడమ్? టైము..."

"నీ నసుగుడుకే టైము పడుతోంది. ఊఁ, చదువు."

"మధ్యలో కార్బన్, నల్ల బంతి. పైన తెలుపు. ఎడమకి నీలం. కుడికి ఇంకో నలుపు."

"ఎరుపు?"

మంజీర ప్రింటులోకి వంగింది. "వెనకాల. నల్లదాని చాటున అంచు కనిపిస్తోంది."

ఆవిడ వేళ్లు తడుముకోలేదు. పూలు కట్టినంత సుళువుగా బంతులు గుచ్చేశాయి. అలమరా మీది పాత మోడల్ దించారు. ఎక్స్‌రేలతో రుజువు చేసుకుని మంజీరే కట్టిన అసలు అణువు అది.

"ఆ కార్బన్ ఇందులో ఎక్కడుందో చూసి, ఈ ముక్క దానిమీద కూర్చోబెట్టు."

తెలుపునీ నీలాన్నీ కలిపితే ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. ఎరుపునీ నలుపునీ కలిపితే మిగతా రెండూ ఎదురు తిరిగాయి. ఎంత తిప్పినా కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడిగినట్టే ఉంది.

మంజీర వ్యాసమంతా చెప్పేది ఒక్కటే: ఈ అణువు మందు, అద్దంలో దీని నీడలాంటిది మందు కాదు. ఇక్కడ బొమ్మలో పడింది ఆ నీడే. తెరమీద ముందున్న ఎర్ర బంతిని సాఫ్ట్‌వేర్ గీతలుగా మార్చేటప్పుడు వెనక్కి తోసేసింది. వారం రోజులుగా ఆమె చూసింది అంచుల నునుపే.

"చూడగానే తెలిసిపోయిందా మేడమ్?"

"అనుమానం వచ్చింది. నా కళ్లని నేనెప్పుడు నమ్మాను గనక!"

మంజీర అక్కడే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఎర్ర బంతిని పట్టుకుని ముందుకు లాగింది. గీతలన్నీ విడివిడిగా ఉన్నాయి కాబట్టి అరనిమిషం పట్టింది. నాలుగైంది. పంపే బటన్ మీదికి వెళ్లిన వేలు ఆగిపోయింది.

"మేడమ్, ఇలాంటి కార్బన్లు ఇందులో ఇంకా ఆరున్నాయి."

"తెలుసు." హైమవతి గారు డబ్బాను ఆమె వైపు జరిపి, ప్రింటు తన చేతిలోకి తీసుకున్నారు. "ఇప్పుడు నేను చదువుతాను. నువ్వు కట్టు."