సోలమ్మ మూర

అనగనగా ఒక ఊళ్ళో, ఏటిగట్టు పక్కన, భద్రమ్మ అని ఒక వడ్రంగి పిల్ల ఉండేది. కళ్ళు మూసుకో చిన్నీ, మూసుకునే విను.

భద్రమ్మ వాళ్ళ నాన్న వీరాచారి తాటిచెట్టంత మనిషి. ఆయన చేసిన మంచానికి ఒక్క మేకు ఉండేది కాదు. ఒక చెక్కకి నాలుక చెక్కి, ఇంకో చెక్కకి నోరు తొలిచి, రెండూ బిగించేవాడు. కూతురికి ఆ పనంతా నేర్పాడు. అప్పుడు ఒక వానాకాలం జ్వరం వచ్చి, పాపం, పోయాడు.

ఆ తర్వాత ఆ పిల్ల చిన్నాన్న దిగాడు. పేరుకి మౌనాచారి, నోరు మూతపడితే ఒట్టు!

"ఆడపిల్లవి, చెక్కలు చెక్కే బాడిశ నీకెందుకే? అన్నయ్య పనిముట్ల పెట్టె నాకిచ్చెయ్" అన్నాడు.

భద్రమ్మ వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది. ఎంత అరిచినా లేవలేదు. అప్పుడు ఊరి పెద్దలు ఒక మాట చెప్పారు. దసరా ఆయుధపూజ లోపల మంత్రసాని సోలమ్మకి ఒక కుర్చీ చెయ్యాలి. అది ఆమెకి నప్పితే పెట్టె భద్రమ్మది, నప్పకపోతే చిన్నాన్నది.

సోలమ్మ అంటే ఎవరనుకున్నావ్? ఆ ఊళ్ళో వాళ్ళంతా ఆమె చేతుల్లోకే పుట్టారు. పిట్టంత మనిషి. ముసలితనంలో మోకాళ్ళు పట్టేశాయి. కూర్చుంటే ఇద్దరు చంకల కింద చేతులేసి లేపాలి. ఆ సిగ్గుతో నలుగురిలోకి రావడమే మానేసింది.

భద్రమ్మ మంచి టేకు చెక్కలు తీసింది. పెట్టెలోంచి నాన్న కొలకర్ర తీసింది. నాన్న తన మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి కోసుకున్న మూర కర్ర అది. దాంతో కొలిచి మొదటి కుర్చీ చేసింది. ఎంత అందంగా ఉందనీ! సోలమ్మని ఎక్కించి కూర్చోబెడితే కాళ్ళు నేలకి అందలేదు.

అప్పుడు అదే కర్రతో అర మూర ఎత్తున రెండో కుర్చీ చేసింది. ఈసారి కాళ్ళు అందాయి. కానీ సోలమ్మ అందులో కూలబడిపోయింది. ఇద్దరు కాదు, ముగ్గురు లేపాల్సి వచ్చింది. చిన్నాన్న పగలబడి నవ్వాడు. భద్రమ్మకి ఏడుపొచ్చింది. రాదూ మరి?

దసరా ఇంకా పదిరోజులే ఉంది. భద్రమ్మ సోలమ్మ ఇంటికి వెళ్ళి గుమ్మంలో కూలబడింది. సోలమ్మ ఎవరి పాపకో ఉయ్యాల కట్టడానికి పాత చీర తన మోచేత్తో మూరలేసి కొలుస్తోంది.

"ఏడవకు పిల్లా. ఇదిగో, ఎనిమిది మూరలు వచ్చింది, ఆ కొస పట్టుకో" అంది.

భద్రమ్మ చేతిలో కర్ర ఉంది కదా, ఊరికే దాంతో కొలిచి చూసింది. ఏడు మూరలు కూడా రాలేదు! మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే.

"అవ్వా! నేను చేసిన కుర్చీ నీకు కాదే! మా నాన్నకి!" అని ఎగిరి గంతేసింది.

నాన్న కర్ర పక్కన పెట్టాలంటే మొదట చెయ్యి రాలేదు. కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత సోలమ్మ మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి కొత్త కర్ర కోసింది. సోలమ్మ మడమ నుంచి మోకాలి దాకా కొలిచింది. గుమ్మం పట్టుకుని లేవమని, ఆ చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసి అక్కడ బొగ్గుతో గీత పెట్టింది. కుర్చీ చేతులు సరిగ్గా ఆ ఎత్తుకే వచ్చేలా మూడో కుర్చీ చేసింది.

దసరా రానే వచ్చింది. ఉలి, రంపం, బాడిశ అన్నీ పసుపు కుంకుమలతో పీట మీద ఉన్నాయి. చిన్నాన్న పెట్టె పట్టుకుపోదామని ఖాళీ బండి కూడా తెచ్చాడు. సోలమ్మ మూడో కుర్చీలో కూర్చుంది. పాదాలు నేలకి హాయిగా ఆనాయి.

"కూర్చోవడం ఎవరైనా కూర్చుంటారు, లేవమనండి చూద్దాం!" అన్నాడు చిన్నాన్న.

ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. సోలమ్మ కసిరింది.

"జరగండ్రా! మిమ్మల్ని బయటికి లాగిందాన్ని నేను. నన్ను మీరు లాగేదేంటి?"

కుర్చీ చేతుల మీద తన చేతులు ఆనించింది. లేచింది! ఒక్కతే, నిటారుగా! ఊరంతా చప్పట్లే చప్పట్లు. ఆమె నడిచి వెళ్ళి పీట మీది బాడిశ తీసి, తనే భద్రమ్మ చేతిలో పెట్టింది.

అప్పుడు భద్రమ్మ ఏం చేసిందో తెలుసా? మొదటి కుర్చీ తెచ్చి చిన్నాన్న ముందు వేసింది.

"కూర్చో చిన్నాన్నా. నాన్న మూర ఇది."

అన్నదమ్ములిద్దరూ ఒకే పొడుగు. కుర్చీ ఆయనకి అచ్చంగా సరిపోయింది. చేతుల మీద అరచేతులు పెట్టి, అన్న గుర్తొచ్చాడేమో, ఆ చెక్కని మెల్లగా నిమిరాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మీ పిన్నికి నడుం నొప్పి. ఆవిడ మూర కూడా కొలుస్తావా తల్లీ?" అన్నాడు. ఖాళీ బండిలో కుర్చీ వేసుకుని ఇంటికి వెళ్ళాడు.

రెండో కుర్చీ ఏమైందంటావా? పొట్టిది కదా, పసిపిల్లలకి నీళ్ళు పోసే తల్లులు కూర్చోవడానికి సోలమ్మ దొడ్లో ఉండిపోయింది.

కథేమో కంచికి,
కుర్చీ సోలమ్మ ఇంటికి,
బాడిశ భద్రమ్మ చేతికి,
నిద్రేమో నీ కంటికి!