పూసలవరపువారి పట్టా

సిరికోటను ఏలే నరసభూపతిగారికి మంచి గుణాలు చాలానే ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. భోజనం చేసి ఆకువక్క నమిలేటప్పుడు వచ్చిన ఆలోచన, పొద్దు వాలేసరికి ఆజ్ఞ అయిపోయేది.

ఒకరోజు అలాగే నములుతూ సభలోవాళ్ల ఇంటిపేర్లన్నీ అడిగారు. చూస్తే సగానికి పైగా ఊళ్ల పేర్లే!

"ఇదేం అన్యాయమయ్యా! పేరులో ఊరంతా మోస్తూ తిరుగుతున్నారు, చేతిలో జానెడు నేల లేదు. ఏ ఊరి పేరు ఎవరి ఇంటిపేరయితే ఆ ఊరు వాళ్లదే. ఇది నా ఆజ్ఞ!"

అందరికన్నా ముందు లేచి నిలబడినవాడు ఆస్థాన పండితుడు పూసలవరపు శేషాద్రి. చదువూ గర్వమూ సమానంగా ఉన్న మనిషి. కాకపోతే చదువు అడిగితేనే బయటికొచ్చేది, గర్వానికి ఆ మొహమాటం లేదు.

"మహాప్రభూ, పూసలవరం తరతరాలుగా మాదే. అందుకు మా ఇంటిపేరే సాక్ష్యం" అన్నాడు.

పుట్టింది కోటలో, పెరిగింది కోటలో. పూసలవరం తూర్పున ఉందో పడమర ఉందో ఆరోజు సాయంత్రం బండివాణ్ని అడిగి తెలుసుకున్నాడు పాపం.

నాలుగోనాటికి ఆ ఊరినుంచి ఆదెమ్మ అనే ముసలావిడ ఏడుస్తూ కోటకొచ్చింది.

"తండ్రీ! కొత్త దొరగారు మా ఊళ్లో మకాం పెట్టారు. మామిడితోట కొట్టించి మేడ కడతారంట. నేనూ మా ఆయనా కుండలతో నీళ్లు మోసి పెంచిన చెట్లయ్యా అవి. ఆయన పోయాడు, చెట్లున్నాయని బతుకుతున్నా. ఊరంతా ఆ కాపు మీదే ఆధారపడింది. గొడ్డళ్లోళ్లు కూడా వచ్చేశారు."

రాజుగారికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ముసలావిడను చూస్తే జాలి, ఆడిన మాట తప్పాలంటే సిగ్గు. ఏమీ తోచక పక్కకు చూశారు.

పక్కనున్నది గంగులు. రాజుగారికి ఆకువక్క అందించడం అతని పని. రాజుగారి నోరు నిండా ఆకు ఉన్నప్పుడు మాట్లాడేది గంగులేనని కోటలో అందరూ అనుకునేవారు.

"ఆజ్ఞ ఆజ్ఞే ప్రభూ. పట్టా ఇచ్చెయ్యండి" అన్నాడు గంగులు. "కాకపోతే మన ఆచారం ఒకటుంది కదా. ముందు ఆ ఊళ్లో దండోరా వెయ్యాలి. ఊరివాళ్లు మనిషిని ఏ పేరుతో పిలుస్తారో తలారి అదే పేరు చాటాలి, అదే పట్టాలో రాయాలి."

ఆదెమ్మ అతన్ని కొరకొరా చూసింది.

"నువ్వూ ఆయన పక్షమేనా నాయనా?"

"రేపొద్దున మీ ఊళ్లో అడుగవ్వా, చెబుతాను."

మర్నాడు పొద్దున్నే రాజుగారి పల్లకి పూసలవరంలో దిగింది. శేషాద్రి జరీ తలపాగా చుట్టుకుని తోటలో నిలబడి, కొట్టాల్సిన చెట్లకు సున్నం బొట్లు పెట్టిస్తున్నాడు. ఊరు ఊరంతా దిగాలుగా చుట్టూ చేరింది. తలారి డప్పు అందుకున్నాడు.

"వినండహో! రాజుగారి ఆనతి! నేటినుంచి ఈ ఊరు సిరికోట శేషాద్రిగారిదహో!"

శేషాద్రి మండిపడ్డాడు.

"ఒరేయ్, సిరికోట ఎవర్రా? నేను పూసలవరపు శేషాద్రిని!"

"కోప్పడకండి బాబయ్యా" అన్నాడు తలారి. "పూసలవరపోడా అని కేకేస్తే ఇక్కడ ఊరంతా పలుకుద్ది. తమరు సిరికోట నుంచి వచ్చారు గదా. దిగినకాడి నుంచి పిల్లా పెద్దా సిరికోట శేషాద్రిగారనే అంటన్నారు."

"అంతేగా మరి" అంది ఆదెమ్మ. "మా మామగారి తాత నేరేళ్లపాడు నుంచి వచ్చాడు. అందుకని మమ్మల్ని ఈ ఊళ్లో నేరేళ్లపాటోళ్లు అంటారు. అక్కడే ఉంటే అననే అనరు."

శేషాద్రి ఒక్క క్షణం తటపటాయించాడు. తోట వంక చూశాడు, కట్టబోయే మేడ కళ్లముందు కదిలింది.

"పేరుదేముంది ప్రభూ! సిరికోట శేషాద్రి అనే రాయించండి. ముద్ర మాత్రం త్వరగా వెయ్యండి" అన్నాడు.

లేఖకుడు రాశాడు. రాజుగారు బరువైన మనసుతో ముద్ర చేతిలోకి తీసుకున్నారు. గొడ్డళ్లవాళ్లు లేచి నిలబడ్డారు. ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు గంగులు వినయంగా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ముద్ర పడ్డాక అడిగితే బాగుండదు, ఇప్పుడే అడుగుతున్నాను ప్రభూ. తమరి మంచమూ పరుపులూ ఏ ఊరికి చేర్పించమంటారు?"

"నా మంచమా? ఎందుకురా?"

"శేషాద్రిగారి ఇంటిపేరు సిరికోట అని పట్టాలోనే రాశాం. ఏ ఊరి పేరు ఇంటిపేరయితే ఆ ఊరు వాళ్లదే అని తమరి ఆజ్ఞ. రేపటినుంచి కోట ఆయనదే కదండీ!"

రాజుగారి చేతిలో ముద్ర అలాగే ఆగిపోయింది. పట్టా వంక చూశారు, శేషాద్రి వంక చూశారు. నోట్లో ఆకు ఉందన్న సంగతే మరిచి పకపకా నవ్వారు. జరీ తలపాగా మీద ఎర్రటి తుంపర్లు పడ్డాయి.

"నా మంచం నాకుండనివ్వరా బాబూ!" అంటూ పట్టాను నాలుగు ముక్కలు చేశారు. "ఊరు వదిలి వెళ్లినవాళ్లకు ఆ పేరు చాలు. ఊరు మాత్రం ఉన్నవాళ్లదే. పాత ఆజ్ఞ రద్దు!"

ఊరంతా గొల్లున నవ్వింది. తలారి ఎవరూ అడగకుండానే డప్పు వాయించాడు. ఆదెమ్మ గంగులు బుగ్గలు రెండూ పుణికి, "ఎంత ఏడిపించావురా!" అని తిడుతూ ఏడ్చేసింది. శేషాద్రి తలపాగా తుడుచుకుంటూ, కాస్త ఆలస్యంగానే అయినా, తనూ నవ్వాడు.

రాజుగారు చేతి బంగారు కడియం తీసి గంగులుకు తొడిగారు.