బొటనవేలి కింద

స్కానింగ్ చదవడం నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు సాత్యకికి ఒకటే దిగులు. తాను ఎంతసేపు చూసినా దొరకని జబ్బు జుబేదా మేడానికి ఇట్టే దొరుకుతుంది. నాకెందుకు కనబడదని ఎన్నిసార్లడిగినా ఆవిడ నవ్వి ఊరుకునేవారు. ఆ పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టర్లందరికీ ఆవిడే గురువు.

ఒకరోజు నూకరత్నం మోకాలి ఎమ్మారై వచ్చింది. కబడ్డీలో కూతకెళ్లి పడిపోయిన పిల్ల. తెరమీద బొమ్మలు జరుపుతున్న సాత్యకి ఒకచోట ఆగిపోయాడు. కీలు మధ్యలో తాడులా ఉండాల్సిన లిగమెంటు తెగిపోయి ఉంది. ఎవరూ వేలుపెట్టి చూపించకుండా తానే పట్టుకున్నాడు! ఏనుగెక్కినంత సంబరమైంది.

తెగిందని తేలితే మర్నాడే ఆపరేషను. ఎముకలకు డ్రిల్లుతో బెజ్జాలు వేసి కొత్త లిగమెంటు కూర్చాలి. సర్జనుగారు కింద కాచుకుని ఉన్నారు. సాత్యకి గబగబా రిపోర్టు రాసి మేడాన్ని పిలుచుకొచ్చాడు. ఈసారైనా శభాష్ అంటారని ఆశ.

ఆవిడ రిపోర్టు చూడనేలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెగిన చోట బొటనవేలు ఆనించి మూసేశారు.

"ఇప్పుడు చదువు బాబూ."

సాత్యకి ఉసూరుమన్నాడు. దొరికిందాన్ని మూసేస్తే ఇంకేం చదవాలి? అయినా కాదనలేక మొదటినుంచీ బొమ్మలు జరిపాడు. చిప్ప బాగుంది. గుజ్జు బాగుంది. కింది ఎముక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎముక లోపల బఠాణీ గింజంత మచ్చ, చుట్టూ ఎముకను కొరుక్కు తింటోంది. ఇందాక ఇదే బొమ్మ చూశాడు. లిగమెంటు దొరికిన సంబరంలో దాటేశాడు.

గభాలున ఆవిడవైపు తిరిగాడు.

"మేడం, ఇది దెబ్బ కాదు. కణితి. ఇలాంటిది పుస్తకంలో చూడటమే. రేపు డ్రిల్లు దీంట్లోంచే పోయేది. కణితి చెదిరి పాకితే ఆ పిల్లకి కాలే పోయేది."

"నేనూ ఇలాంటిది ఇప్పుడే చూడటం." ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "ఇంత చిన్నగా దొరికింది కదా, కాలు దక్కుతుంది."

ఇంకేం కావాలి? సాత్యకి కుర్చీ తోసేసి లేచాడు. సర్జనుగారికి చెప్పాలి, ఆపరేషను ఆపాలి. తలుపుదాకా వెళ్లినవాడు మేడం లేవలేదేమని వెనక్కి చూశాడు.

ఆవిడ రెండో బొటనవేలు ఆ మచ్చమీద పెట్టి, రెండు చేతులూ తెరకు ఆనించి కూర్చున్నారు.

"ఇప్పుడు చదువు."

సాత్యకికి నవ్వొచ్చింది. కాళ్లు బయటికి లాగుతున్నా వచ్చి కూర్చున్నాడు. ఏ బొమ్మా వదలకుండా చివరిదాకా చదివాడు. ఈసారి కళ్లు తొందరపడలేదు.

"ఇంకేం లేదు మేడం."

ఆవిడ రెండు వేళ్లూ తీసేశారు.

"ఇప్పుడు పరిగెత్తు."